పాలలోని వెన్నకు జాతియు మేతయు

పాలధర వెన్ననుబట్టి కట్టుదురు గనుక తవుడు హెచ్చించిన వెన్న హెచ్చునని కొందఱు రైతులు తలంతురు. అది సరికాదు. వెన్నపాలును ముందుగా నిర్ణయించునది జాతియే. గేదెపాలలో నూటికి సుమారు 7 పాళ్లు, ఆవుపాలలో 4 పాళ్లు వెన్నయుండును.

ఇక మేత సంగతి. నెమరువేయు పశువు పెద్దపొట్టలో గడ్డిని సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లములుగా మార్చును. వానినుండి పొదుగు వెన్నలో చాలభాగమును చేయును. గడ్డి తగ్గించి తవుడు, చోడిపిండి మితిమీరి పెట్టినచో ఈ పని చెడి వెన్న తగ్గును. పశువునకు అజీర్ణమును కలుగును.

పచ్చగడ్డి ఆవునేతికి పసుపువన్నె నిచ్చును. వలిసెచెక్కలోని నూనె హెచ్చైన నేయి మెత్తబడును. కావున ముంచింగిపుట్టు ప్రాంతపు సభ్యులారా! వేసవిలో పచ్చిక యెండినను చోడిగడ్డి, వరిగడ్డి కడుపునిండ వేయుడు. వలిసెచెక్కను మితముగా పెట్టుడు. వెన్నకు మూలము గడ్డియే.