జక్కయ్య చెప్పిన లెక్క

తెలుగు పల్లెల్లో 'తప్పు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. చేసిన నేరమూ తప్పే, దానికి పెద్దమనుషులు వేసే జరిమానా కూడా తప్పే. 'తప్పు చేశాడు, తప్పు కట్టాడు' అంటారు. ఖమ్మం దాటి పాల్వంచ, భద్రాచలం వైపు అడవి అంచు గూడేలకు వెళ్లినా పంచాయతీ ధోరణి ఇంతే. తప్పు కట్టి, నలుగురితో కలిసి భోంచేస్తే ఆ మనిషి మళ్లీ కులంలో కలిసినట్టే. అతను ఏడ్చాడా లేదా అన్నది అక్కడ పెద్ద విషయం కాదు. నష్టపోయినవాడికి ముట్టిందా లేదా అన్నదే అడుగుతారు.

మన సంఘాల్లో వ్యవహారం దీనికి తలకిందులు. ఉపవాస కూటాల్లో, ఉజ్జీవ సభల్లో కన్నీళ్లకు కొదవ ఉండదు. మోకరించి, బిగ్గరగా ఒప్పుకుని, తేలికపడ్డ గుండెతో ఇంటికెళ్తాం. ఎవరికి ఎంత బాకీ ఉన్నామన్న మాట మాత్రం అక్కడ రాదు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో పాపానికి మత్తయి సువార్త వాడిన మాట 'ఋణములు' (మత్తయి 6:12). మనలో చాలామంది ఆరాధనలో దాన్ని 'అపరాధములు' అని చెప్పుకుంటాం, అదీ సరైనదే. లూకా 'పాపములు' అనే రాశాడు. కానీ యేసు మాట్లాడిన అరామిక్ భాషలో అప్పుకూ, పాపానికీ ఒకే మాట ఉండేది. ఆ ప్రార్థన విన్న గలిలయ రైతుకు పాపమంటే మనసులోని మచ్చ ఒక్కటే కాదు, షావుకారు పుస్తకంలోని పద్దు కూడా. క్షమించని దాసుని ఉపమానంలో (మత్తయి 18) ప్రభువు లెక్కే చెప్పాడు. ఒక తలాంతు ఆరువేల దేనారాలు. అంటే మాఫీ అయిన పదివేల తలాంతుల అప్పు, తోటిదాసుడు ఇవ్వాల్సిన నూరు దేనారాలకు ఆరు లక్షల రెట్లు!

ఆరు లక్షలనగానే ఈ ప్రాంతంవారికి కంచర్ల గోపన్న గుర్తుకొస్తాడు. నేలకొండపల్లి వాడు, పాల్వంచ పరగణా తహశీల్దారు. వసూలైన పన్ను సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని గోల్కొండ ప్రభువు తానీషా ఆయనను చెరలో వేయించాడు. ఆరు లక్షల వరహాలు ఇవ్వాల్సి ఉండగా, రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి చెల్లించి రసీదు పుచ్చుకున్నారని భక్తుల కథ. చెరలో పాడుకున్న కీర్తనల్లో రామదాసు తన దేవుణ్ణి నిలదీస్తాడు, చేయించిన నగల లెక్క ఏకరువు పెడతాడు, మళ్లీ తిట్టినందుకు మన్నించమని వేడుకుంటాడు. మన ప్రసంగికులు ఈ కథను సిలువకు ఉపమానంగా వాడబోతుంటారు. ఇతరుల భక్తిని అలా అరువు తెచ్చుకోవడం నాకంతగా నచ్చదు. సిలువపై ప్రభువు పలికిన 'సమాప్తమైనది' అన్న మాటను అప్పట్లో పన్ను రసీదుల మీద రాసేవారని చెప్పడమూ అలాంటిదే, దానికి గట్టి ఆధారం లేదు. అయితే గోపన్న కథలో ఒక సంగతి గమనించాలి. దేవుడు భక్తుణ్ణి విడిపించాడు కానీ తానీషా సొమ్ము ఎగ్గొట్టలేదు. ఖజానాకు చేరాల్సింది ఖజానాకు చేరింది.

జక్కయ్య కూడా పన్నుల వాడే. సుంకపు గుత్తదారుడు. గుత్తదారులంటే ఎవరో అడవి అంచు జనానికి వివరించనక్కర్లేదు. యెరికోలో ప్రభువు అతని ఇంటికి తానే పిలవకుండా వచ్చాడు. లెక్కలు సరిచేసుకో, తర్వాత వస్తానని అనలేదు. కృప ముందు వచ్చింది. అందుకే క్రియల వల్ల రక్షణ లేదన్న మన సిద్ధాంతానికి ఇక్కడ ఏ లోటూ రాదు. కృప ఇంట్లో అడుగుపెట్టాక మాత్రం జక్కయ్య నోట వచ్చినవి అంకెలే: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు (లూకా 19:8). తనంత తానుగా ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి ఇస్తే చాలని మోషే ధర్మశాస్త్రం (సంఖ్యా 5:7). నాలుగంతలు గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడికి వేసే శిక్ష (నిర్గమ 22:1). జక్కయ్య ఆ రెండో శిక్షనే తనకు వేసుకున్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించింది ఈ మాటల తర్వాతే.

సాహిత్యంలో ఈ సంగతిని టాల్‌స్టాయ్ అంత నిర్దాక్షిణ్యంగా రాసినవారు తక్కువ. 1899లో వచ్చిన 'పునరుత్థానం' నవలలో నెఖ్లూదోవ్ అనే జమీందారు ఒక హత్య కేసులో జ్యూరీ సభ్యుడిగా కూర్చుంటాడు. బోనులో ఉన్న స్త్రీ, ఏళ్ల క్రితం తాను చెరిచి, చేతిలో నూరు రూబుళ్లు పెట్టి వదిలేసిన మాస్లోవా. జైలుకెళ్లి క్షమించమంటాడు. ఆమె కరగదు. అప్పుడు నన్ను సుఖానికి వాడుకున్నావు, ఇప్పుడు నీ ఆత్మను రక్షించుకోవడానికి వాడుకుంటున్నావు అన్న అర్థం వచ్చేలా ఛీకొడుతుంది. మన సాక్ష్యాల్లో వినబడని గొంతు అదే. మనం నష్టపరిచినవాళ్లు మన సాక్ష్యంలో ఒక వాక్యంలో వచ్చి పోతారు, వాళ్లు ఏమన్నారో ఎవరూ చెప్పరు. నెఖ్లూదోవ్ తర్వాత తన గ్రామాలకు వెళ్లి భూమిని రైతులకు ఇస్తానంటాడు. వాళ్లు నమ్మరు, ఇందులో ఏదో మోసముందని గుసగుసలాడతారు.

భద్రాచలం ఏజెన్సీ చరిత్రలో అలాంటి అనుమానానికి కావలసినన్ని కారణాలున్నాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో వారిపై పుస్తకం ప్రచురించాడు. కలప, వెదురు వర్తకుల దగ్గర చేసిన అప్పుల్లో వారెలా చిక్కుకున్నారో అందులో ఉంది. పాపభావన అన్ని సమాజాల్లో ఒకేలా ఉంటుందా అని 1974లో ఒక వ్యాసం కూడా రాశాడు. అప్పు ఇచ్చినవాడి పాపభావన గురించి ఎవరైనా రాస్తే బాగుండును! 1982 నాటి పుస్తకంలో మళ్లీ ఆయన రాసింది గిరిజనుల భూములు చేతులు మారుతున్న తీరునే. అప్పటికి చట్టం లేక కాదు. గిరిజనుల భూ బదలాయింపును నియంత్రించే 1959 నాటి నిబంధనను 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. 1970లో సవరించాక దానికి 1/70 అన్న పేరు స్థిరపడింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని, కాదని రుజువయ్యేవరకూ భావించాలని అది చెబుతుంది. అయినా బినామీ పేర్లు, తెల్లకాగితాల ఒప్పందాలు పోలేదు. సంతలో ఇప్పపువ్వుకూ, చింతపండుకూ తూకం దగ్గర జరిగేది సరేసరి.

ఇందులో విశ్వాసులకు వాటా లేదని అనుకోవడం ఆత్మవంచన. మైదానాల నుంచి వచ్చి స్థిరపడ్డవారిలో మన కుటుంబాలూ ఉన్నాయి. గూడేల్లో మన సంఘాలూ ఉన్నాయి. భూమి పోగొట్టుకున్నవాడూ, దాన్ని సాగుచేసుకుంటున్నవాడూ ఒకే రొట్టెలో పాలుపంచుకునే అవకాశం ఇక్కడ ఊహ కాదు.

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలో ఆనకట్ట పనుల ఇంజనీరు హేగ్ ప్రోద్బలంతో చర్చి మిషనరీ సొసైటీ వారు కోయల మధ్య పని మొదలుపెట్టారు. వారు వెంట తెచ్చుకున్న ఆంగ్లికన్ సంప్రదాయానికి ఆధారం 1662 నాటి ప్రార్థనా గ్రంథం. ప్రభురాత్రి భోజనానికి ముందుగా చదవాల్సిన హెచ్చరిక ఒకటి అందులో ఉంది. పొరుగువాడికి చేసిన నష్టాన్ని శక్తికొద్దీ తిరిగి పూడ్చడానికి సిద్ధపడి రమ్మని, అలా కాకపోతే బల్ల దగ్గరకు రావద్దని దాని సారాంశం. ఆ హెచ్చరిక చదివిన ఆరాధన ఈ మధ్య ఎక్కడైనా విన్నారా? పాతబడిందని పక్కన పెట్టేశాం. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు సహోదరుడి దగ్గరకు వెళ్లమన్న ప్రభువు మాట (మత్తయి 5:24) మాత్రం మన బైబిళ్లలో అలాగే ఉంది.

ఎప్పుడో తాతల నాడు జరిగిన బేరానికి ఇప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలని కొందరు అడుగుతారు. నష్టపోయినవాడు చనిపోయి, అతని తరఫున పుచ్చుకునే రక్తసంబంధి కూడా లేకపోతే ఆ సొమ్ము యాజకునికి చేరాలని సంఖ్యాకాండం రాసింది (5:8). ఏజెన్సీలో మాత్రం వారసుల కోసం అంత దూరం వెతకాల్సిన పని చాలాసార్లు ఉండదు. నాట్లప్పుడు ఆ పొలంలోకే కూలికి వస్తుంటారు.