చక్రంలో చప్పుడెందుకు?



కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు చెప్పేవారు. ఎడ్లబండి రోజుల్లో ఈ సంగీతం అర్థం చేసుకోవడం కష్టం కాదు. బండి కిర్రుమన్నదంటే ఇరుసు ఎండిందన్నమాట. చక్రం వూడదీసి, ఇరుసుకు కందెన పట్టించి, కడచీల కొడితే సరిపోయేది. ఇప్పుడు ఇంటిముందు ట్రాక్టరూ, దాని వెనుక ట్రాలీ వున్నాయి. చక్రం రబ్బరుదైంది, కందెన పోయి గ్రీజు వచ్చింది. చప్పుడు మాత్రం పోలేదు. పైగా అది ఎక్కడినుంచి వస్తున్నదో తెలియడం లేదు. ఇంజను హోరులో సగం వినపడదు. వినపడిన సగాన్ని “ఎప్పుడూ వచ్చేదే గదా” అని వదిలేస్తాము.

అలా వదిలేసినవారిలో నేనూ ఒకణ్ణి. ముందు ఆ సంగతి చెప్పి తరువాత విషయానికి వస్తాను.

నేను మిర్యాలగూడ వైపు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది వూళ్లలో పనిచేస్తున్న రోజులవి. వరికోతలు సాగుతున్నాయి. ఒక పెద్దాయన తన ట్రాలీ దగ్గర నన్ను ఆపి, “సారూ, ఈ ఎడమ చక్రం గుర్రుమంటున్నది, జర చూడుండ్రి” అన్నాడు. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. అందులో యంత్రాల పాఠం ఒకటి వుండేది. పరీక్ష రాశాను, మరచిపోయాను. చక్రం వైపు చూస్తే టైరు ఒక పక్క బాగా అరిగి కనిపించింది. “టైరు చప్పుడే పెద్దయ్యా, మార్పించండి” అన్నాను. పట్నంలో మెకానిక్కు కూడా అదే మాట అన్నాడట. టైరు మార్చారు. చప్పుడు పోలేదు. డబ్బు మాత్రం పోయింది.

నాలుగు రోజుల తరువాత మధ్యాహ్నం, 40 కిలోల బస్తాలు 80 వేసుకుని, అంటే 32 క్వింటాళ్ల ధాన్యంతో, ఆ ట్రాలీ కొనుగోలు కేంద్రానికి బయలుదేరింది. కాలువ కట్ట మలుపులో ఎడమ చక్రం వూడి కాలువలోకి దొర్లిపోయింది. ట్రాలీ ఇరుసు మీద కూలబడి పక్కకు ఒరిగింది. సగం బస్తాలు నీళ్లపాలు. మనుషులకు దెబ్బ తగలలేదు. అయితే ఆ పొద్దున అదే ట్రాలీలో, అదే మలుపు మీదుగా, పదకొండుమంది ఆడకూలీలు పొలానికి వెళ్లారు. ట్రాలీలో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధమని నేను మీకు చెప్పనక్కరలేదు. ఎక్కిస్తూనే వున్నారని మీరు నాకు చెప్పనక్కరలేదు.

తరువాత హబ్బు విప్పి చూశాము. గ్రీజు వుండవలసినచోట బురద వుంది. లోపలి బేరింగు నీలిరంగుకు తిరిగి, రోలర్లు నలిగి ముక్కలైపోయి వున్నాయి. టైరు ఒక పక్క అరగడం కూడా ఆ బేరింగు పనే. లోపల వదులై చక్రం వంకరగా నడిచింది, అందుకని టైరు అలా అరిగింది. నేను రోగాన్ని చూడలేదు, రోగం వేసిన మచ్చను చూసి అదే రోగమన్నాను.

ఇక విషయం. ట్రాలీ చక్రంలోనూ, ట్రాక్టరు ముందు చక్రంలోనూ లోపలి అమరిక దాదాపు ఒకటే. ఇరుసు కొన మీద రెండు బేరింగులు వుంటాయి. లోపలిది పెద్దది, బయటిది చిన్నది. బేరింగుకు రెండు భాగాలు: రోలర్లున్న కోను, అవి దొర్లే కప్పు. లోపలి పక్క బురద రాకుండా ఆయిల్ సీలు, బయట ఇనుప టోపీ. అంతా పట్టి వుంచేది గాళ్లున్న ఒక నట్టు. ఆ నట్టు తిరిగిపోకుండా స్ప్లిట్ పిన్ను. ఎడ్లబండికి కడచీల ఎంతో దీనికి ఈ పిన్ను అంత.

చప్పుడు విన్నప్పుడు మొదట తేల్చుకోవలసింది అది చక్రానిదా, కాదా అని. ఖాళీ ట్రాలీతో, చదునైన రోడ్డు మీద, ఎదురు ఎవరూ లేనప్పుడు నెమ్మదిగా పోతూ ఒక్క క్షణం క్లచ్చి తొక్కి ఇంజను వేగం తగ్గనివ్వండి. చప్పుడు ఇంజనుతోపాటు తగ్గితే అది ఇంజనుది లేక గేరుబాక్సుది. బండి పరుగుతో పాటే సాగితే చక్రాల వైపుది. ఈ పరీక్ష ఏటవాలు మీద గాని, బరువుతో గాని చేయకూడదు సుమా.

చప్పుడులో రకాలున్నాయి. వేగం పెరిగినకొద్దీ పెరిగే గుర్రుమనే మోత బేరింగుది. మలుపులో ఇది ఇంకా తేటపడుతుంది. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగును అనుమానించాలి. ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడిదాన్ని. మా పెద్దాయన ట్రాలీ కుడి మలుపుల్లోనే ఎక్కువ మూలిగేదని తరువాత డ్రైవరు చెప్పాడు. అడిగివుంటే ముందే చెప్పేవాడు.

చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్కసారి టక్కుమంటే అది వేరు. టైరు మీద సుద్దతో గీత గీసి, బండి మెల్లగా పోతుండగా పక్కన నడుస్తూ చూడండి. గీత ఒకేచోటికి వచ్చినప్పుడే చప్పుడు వస్తుంటే టైరు గాడిలో రాయో, మేకో, ఉబ్బో వుంటుంది. అలాంటివేమీ లేకపోతే చక్రం నట్లు చూడండి. వదులైన నట్టు చుట్టూ తుప్పురంగు చారలు కనిపిస్తాయి. పంక్చరు వేయించిన మరునాడు వచ్చే టక్కుటక్కు చాలావరకు ఇదే. అలాంటి నట్లు ఒకదాని పక్కది గాక ఎదురుబొదురుగా బిగించాలి. కొంతదూరం నడిపాక మరొకసారి పానా వేయాలి. రిమ్ములో బెజ్జాలు సాగిపోయివుంటే ఎంత బిగించినా లాభం లేదు, రిమ్ము మార్చవలసిందే.

కీచుమనేది ఎక్కడో ఇనుము ఇనుమును రాయడం, లేదా బ్రేకు లైనింగు అరగడం. బయలుదేరేటప్పుడూ ఆగేటప్పుడూ మాత్రమే ధన్నుమంటే చక్రాల జోలికి పోకండి, ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్యనున్న పిన్ను అరిగి వుంటుంది. మలుపులో వెనుక చక్రాలు నేలను గీకుతూ, స్టీరింగు బరువెక్కితే డిఫరెన్షియల్ లాకు విడిపడలేదేమో చూడండి. దమ్ములో వేసిన లాకు పెడలు బురద పట్టి అలాగే వుండిపోతుంది. ఒక కుర్రవాడు తన ట్రాక్టరు వెనుక చక్రం గలగలమంటున్నదని కంగారుగా పరుగెత్తుకు వచ్చాడు. పట్టు కోసం వాళ్ల నాన్న టైర్లలో నీళ్లు నింపించిన సంగతి అతనికి తెలియదు!

రెండవది వేడి. ఖాళీ బండిని 5, 6 కిలోమీటర్లు నడిపి ఆపి, అరచేతిని గాక చేతి వెనుక పక్కను ఒక్కొక్క హబ్బు దగ్గరకు తీసుకువెళ్లండి. తాకవద్దు, దగ్గరకు చాలు. అన్నీ ఒకేలా గోరువెచ్చగా వుంటే మంచిదే. ఒకటి మాత్రం మిగతావాటికన్నా వేడిగా సెగ కొడుతుంటే జబ్బు అందులో వున్నట్టే. దీనికి మెకానిక్కు అక్కరలేదు, పైసా ఖర్చు లేదు.

అనుమానం నిలిచాక చక్రాన్ని ఎత్తాలి. ట్రాలీని ఖాళీ చేసి, గట్టినేల మీద ట్రాక్టరుకు తగిలించే వుంచి, ఇంజను ఆపి, గేరులో పెట్టి, పార్కింగు బ్రేకు వేయండి. ఎత్తని చక్రానికి ముందూ వెనుకా పెద్ద రాళ్లు ఆన్చండి. జాకీ ఇరుసు కింద పెట్టి ఎత్తాక, ఇరుసు కింద చెక్కదిమ్మెలు కూడా పేర్చండి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు.

ఇప్పుడు టైరు పైనొక చేయి, కిందొక చేయి వేసి లోపలికీ బయటికీ వూపండి. కదలిక తెలిస్తే, సందు ఎక్కడ తెరుచుకుంటున్నదో ఇంకొకరు వంగి చూడాలి. చక్రానికీ ఇరుసుకూ మధ్య అయితే బేరింగు వదులు. ట్రాక్టరు ముందు చక్రంలో సందు అంతకన్నా లోపల, ఇరుసు కొన తిరిగే మోకు దగ్గర అయితే అక్కడి పిన్నూ బుష్షూ అరిగాయి. తరువాత చక్రాన్ని చేత్తో తిప్పండి. చక్రానికి తగలకుండా పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను హబ్బు పక్కన ఇరుసుకు ఆనించి, పిడిని చెవికి చేర్చి వినండి. మంచి బేరింగు నూనె జారినట్లు సాగిపోతుంది. చెడినది ఇసుక నమిలినట్లు గరగరమంటుంది.

టోపీ తీసి, పిన్ను లాగి, నట్టు విప్పితే చక్రం వస్తుంది. బేరింగులను డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో చూడండి. రోలర్లు గాని కప్పు గాని గుంటలు పడినా, పొట్టు లేచినా, నీలిరంగుకు తిరిగినా పనికిరావు. నీలిరంగంటే ఉక్కు కాగి తన గట్టితనం పోగొట్టుకున్నదని గుర్తు. కోను ఒక్కటే మార్చి పాత కప్పు వుంచడం పొదుపు కాదు. పాత కప్పు కొత్త రోలర్లను కొద్ది రోజుల్లోనే తినేస్తుంది. రెండూ కలిపి మార్చాలి, సీలు కూడా కొత్తది వేయాలి. దుకాణానికి పాత బేరింగునే పట్టుకుపోండి, దాని అంచున అంకె చెక్కి వుంటుంది. ఉదాహరణకు 30206 అని వుంటే చివరి 06ను 5తో గుణించండి. 30 వస్తుంది. అంటే లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు. దుకాణదారు “ఇది సరిపోతుంది తీసుకోండి” అని వేరే అంకెది ఇస్తే తీసుకోవద్దు.

పాత కప్పును ఇనుప ఉలితో నేరుగా బాదకండి. బేరింగు ఉక్కు పెళుసు, ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. ఇత్తడి కడ్డీ ఆనించి, చుట్టూ కొద్దికొద్దిగా కొట్టాలి. కళ్లకు అద్దాలుంటే మంచిది. కొత్త కోనుకు గ్రీజు పైపైన పూస్తే చాలదు. అరచేతిలో గ్రీజు వేసుకుని, కోను వెడల్పు అంచును దానికి అదిమి, ఆవలి పక్క నుంచి పొంగేవరకు ఎక్కించాలి. హబ్బు ఖాళీని మాత్రం పూర్తిగా నింపకండి, సగానికి మించితే అదే వేడెక్కిస్తుంది. పాత గ్రీజు మీద వేరే రకం గ్రీజు కలపవద్దు.

చాలామంది చెడగొట్టేది బిగింపులోనే. గట్టిగా వుంటే మంచిదని నట్టును బలమంతా పెట్టి తిప్పుతారు, కొత్త బేరింగు వారంలో కాలిపోతుంది. చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ, కొద్దిగా పట్టేసేవరకు నట్టు బిగించండి. అప్పుడు బేరింగు కుదురుకుంటుంది. ఆ తరువాత ఒక గాడి వెనక్కు తిప్పి బెజ్జానికి సరిచేయండి. చక్రం తేలికగా తిరగాలి, లోపల తల వెంట్రుకంత సందు మాత్రమే వుండాలి. మీ బండితో వచ్చిన పుస్తకంలో వేరే కొలత వుంటే దానినే పాటించండి. స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయాలి. పాతదాన్ని సాగదీసి వేయడమూ, దాని బదులు మేకు దూర్చడమూ నేను కళ్లారా చూశాను.

దమ్ము రోజుల్లో ట్రాక్టరు ముందు చక్రాలకు గ్రీజు నిప్పిలు వుంటే ప్రతి సాయంత్రం పని ముగిశాక పాత గ్రీజూ బురదా బయటికి వచ్చేవరకు గన్నుతో కొట్టండి. రోడ్డు మీద పరుగెత్తి వచ్చిన బండిని వెంటనే కాలువలోకి దించి కడగవద్దు. వేడి హబ్బు చల్లనీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని సీలు పక్కనుంచి నీటిని పీల్చుకుంటుంది. పెద్దాయన ట్రాలీ రోజూ ఒక వాగు దాటేది. దాటాక అందులోనే నిలిపి కడిగేవారు.

కొత్త బేరింగు వేసిన తరువాత మొదటి 20 కిలోమీటర్లలో ఒకసారి ఆపి హబ్బు వేడి చూడండి. వారం తరువాత మళ్లీ ఎత్తి వూపి చూడండి. మా పెద్దాయన ట్రాలీకి రెండు వైపులా బేరింగులు మార్చాము. బయలుదేరేటప్పుడు డ్రైవరును అడిగాను, “కుడి మలుపులో ఏమైనా వినిపిస్తున్నదా?” అని. “ఇప్పుడు దాని పిన్ను చప్పుడు వినపడుతున్నది సారూ” అన్నాడు. ట్రాక్టరు ఆపించి అది కూడా తీయించాము. అరిగి, చిటికెన వేలంత సన్నబడి వుంది.