తప్పు మాటకు నవ్వకండి

పిల్లలూ! మా కోడుమూరులో నేను చాలా యేళ్లు తొమ్మిది, పది తరగతుల మగపిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. కబడ్డీ కూతకు వాళ్ల గొంతు ఊరంతా వినబడేది. ఇంగ్లీషు పాఠం చదవమంటే మాత్రం నోరు పెగిలేది కాదు. ఎందువల్ల? తప్పు పలికితే పక్కవాడు నవ్వుతాడని భయం!

తల్లిదండ్రులతో సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పోయి వచ్చిన పిల్లవాడికి ఈ భయం మరీ ఎక్కువ. అప్పటికే పాఠాలు ముందుకు సాగిపోయి ఉంటాయి. ఒక్క నవ్వు వినబడిందా, మరునాడు వాడు బడికే రాడు.

అసలు ఈ తప్పులెందుకు వస్తాయో చూడండి. మనం "నేను అన్నం తింటాను" అంటాము. ఇంగ్లీషులో "నేను తింటాను అన్నం" అనే వరుస. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే 'బస్' మన నోట 'బస్సు' అయింది.

ఇది మన ఒక్కరి చిక్కు కాదు. కొరియా దేశపు పిల్లలు కూడా క్రియను వాక్యం చివరనే పెడతారు. 'బస్' చివర వాళ్లూ ఒక అచ్చు చేరుస్తారు. వాళ్ల భాషలో ఇంగ్లీషు 'ఫ' ధ్వని లేదు గనుక కాఫీని 'కొపి' అంటారు! మన పెనుకొండ దగ్గర కొరియావారి కియా కార్ల కర్మాగారం 2019లో పని మొదలుపెట్టింది. అక్కడ కొరియావాడూ మనవాడూ మాట్లాడుకోవాలంటే, ఇద్దరికీ పరాయిదైన ఇంగ్లీషు అక్కరకు వస్తుంది.

నా తరగతిలో ఒక నియమం ఉండేది. రోజూ ప్రతివాడూ ఒక ఇంగ్లీషు వాక్యం చెప్పాలి. నవ్వినవాడు రెండు చెప్పాలి. వారం తిరగకముందే నవ్వులు ఆగేవి, నోళ్లు తెరుచుకునేవి. మీరూ మీ తరగతిలో ఈ నియమం పెట్టుకుని చూడండి.