భీముడు రాని ఊళ్లో పది ముఖాల పాచిక

బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకెళ్లే మనిషి. ఏకచక్రపురం వాళ్లు వంతులవారీగా బకాసురుడికి కట్టిన పన్ను ఇది. భీముడు వెళ్లాడు, అన్నం తనే తిన్నాడు, రాక్షసుణ్ణి మట్టుబెట్టాడు. సరే, పాండవులు ఆ ఊరికి రాకపోయి ఉంటే? కుమ్మరి, కమ్మరి, బడిపంతులు కలిసి దుడ్డుకర్రలు పట్టుకుని బయల్దేరాల్సి వచ్చి ఉంటే?

బకుడి పేరు విన్నారో లేదో గానీ, అమెరికాలోని వైట్ వుల్ఫ్ సంస్థ 2008లో అచ్చేసిన ‘హంటర్: ది విజిల్’ ఆటకు ఈ ప్రశ్నే పునాది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని మాటలతో ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లకు తలో పాత్ర. అదే సంస్థ 1999లో తెచ్చిన ‘హంటర్: ది రెకనింగ్’లో వేటగాళ్లకు అతీత శక్తులు అబ్బేవి. విజిల్‌లో తొలిమెట్టు వేటగాడికి ఆ ఊతమూ లేదు. ఒగ్గుకథ చెప్పేవాడికి మల్లన్న గెలుస్తాడని ముందే తెలుసు. ఇక్కడ కథకుడికి తెలిసింది సగమే. మిగతా సగం ఓ ప్లాస్టిక్ ముక్క చెబుతుంది.

ఆ ముక్క పది ముఖాల పాచిక.

పాచికల వంశం పాతది. వేదకాలపు జూదరులు విసిరినవి తానికాయలు, మన త్రిఫల చూర్ణంలో పడేవే. మొహెంజొదారోలో దొరికిన ఆరు ముఖాల పాచికల్లో 1కి ఎదురుగా 2, 3కి ఎదురుగా 4 ఉంటాయి. ఇప్పటి పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే 7. ఇక పచ్చీసుకి, అష్టాచెమ్మకి గవ్వలో, ఒక పక్క అరగదీసిన చింతగింజలో చాలు. నాలుగు గవ్వలూ బోర్లా పడితే అష్ట. బోర్లా, వెల్లకిలా సమానంగా పడతాయనుకుంటే అది పదహారింట ఒకసారి. కానీ గవ్వకి వీపు గుండ్రం, నోటివైపు చదును. సమానమని గ్యారంటీ ఏమీ లేదు.

పది ముఖాలతో చిక్కు వేరు. అన్ని ముఖాలూ ఒకే క్రమ బహుభుజులై, ప్రతి మూలా ఒకేలా ఉండే కుంభాకార ఘనాకారాలు అయిదే: 4, 6, 8, 12, 20 ముఖాలవి. పది లేదు. అందుకే 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చిన తొలినాళ్లలో, 20 ముఖాల పాచిక మీద 0 నుంచి 9 దాకా రెండుసార్లు వేసి పని గడిపారు. గాలిపటం లాంటి ముఖాలు పైన అయిదు, కింద అయిదు అమర్చిన ఆకారానికి అమెరికాలో 1906లోనే పేటెంటు ఉంది; ఈ ఆటల బల్ల మీదికి మాత్రం అది 1980 ప్రాంతంలో చేరింది. ముఖాలు క్రమ బహుభుజులు కాకపోయినా, ఏ ముఖాన్నైనా మరో ముఖం చోటికి తిప్పి పెట్టవచ్చు. పక్షపాతం లేకుండా పడటానికి అది చాలు.

ఆటను వరంగల్‌కి తెద్దాం. కాజీపేట రైల్వే గ్యాంగ్‌మన్ ఒకడు, ఎనుమాముల మార్కెట్ హమాలీ ఒకడు, నైట్ డ్యూటీ నర్సు ఒకామె. మూతపడ్డ గోదాములో ఏదో కదిలింది. హమాలీ పరుగెత్తాలి. అతని కాగితం మీద చురుకుకి 2 చుక్కలు, ఒంటి సాధనకి 3. మొత్తం 5 పాచికలు. సున్నాని పదిగా లెక్కిస్తారు. 8, 9, 10 పడితేనే గెలుపు, అంటే పదింట మూడు. అయిదింట్లో ఒక్కటైనా గెలిచే అవకాశం 83 శాతం. ధీమాగానే ఉంది కదా? చీకటని కథకుడు రెండు తీసేస్తాడు: 66. గోదాములోది కాలు పట్టేసింది, గాయానికి మరో రెండు: 30. అదీ పోతే చివరికి ఒక్క పాచిక చేతిలో పెడతారు. 10 పడితేనే గట్టెక్కేది. 1 పడిందా, పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

భూతానికి ఎన్ని కోరలున్నాయో వర్ణించడం కంటే ఈ తరిగిపోయే పాచికలే ఎక్కువ వణికిస్తాయి. 2022లో వచ్చిన రెకనింగ్ కొత్త కూర్పులో 6 నుంచే గెలుపు; కాకపోతే పనిని బట్టి రెండో మూడో గెలుపులు కావాలి.

ఆడి చూడాలనుంటే పాచికలు దొరకలేదని ఆగక్కర్లేదు. 0 నుంచి 9 దాకా పది చీటీలు రాసి డబ్బాలో వేసుకోండి. ఒకటే షరతు: తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేసి, బాగా కలిపాకే రెండోది తీయాలి.