రెక్కల లెక్క

1903 డిసెంబరు 17న అమెరికాలో నార్త్ కరొలైనా తీరాన, కిట్టీ హాక్‌ ఊరికి దగ్గరి ఇసుక నేలల మీద ఆర్విల్ రైట్ నడిపిన విమానం 12 సెకన్లలో 120 అడుగులు సాగింది. అదే రోజు నాలుగోసారి అన్న విల్బర్ ఎక్కినప్పుడు అది 59 సెకన్ల పాటు గాలిలో నిలిచి 852 అడుగులు దాటింది. ఈ తేదీ అందరికీ తెలుసు. దాన్ని సాధ్యం చేసిన పని మాత్రం రెండేళ్ల ముందే, ఒహాయో రాష్ట్రం డేటన్ నగరంలోని ఒక సైకిల్ దుకాణంలో జరిగింది. ఆ పని గురించి మనం చెప్పుకునేది చాలా తక్కువ.

రైట్ సోదరులకు దారి చూపినవాడు జర్మనీకి చెందిన ఒట్టో లిలియంతాల్. ఆయన 1891 నుంచి ఐదేళ్లలో దాదాపు రెండు వేల సార్లు గ్లైడర్లతో కొండవాలు మీది నుంచి గాలిలో తేలాడు. గ్లైడర్ ఒరిగినప్పుడల్లా ఒంటి బరువును అటూ ఇటూ జరిపి సర్దుకునేవాడు. 1896 ఆగస్టులో గ్లైడర్ గాలిలో వేగం కోల్పోయి కూలిపోయింది. మరునాడు ఆయన కన్నుమూశాడు. ఆ మరణం అన్నదమ్ములను లోతుగా ఆలోచింపజేసింది. గాలిలోకి లేచాక యంత్రాన్ని అదుపులో ఉంచుకోవడమే అన్నిటికన్నా కష్టమైన సమస్య అని వాళ్లు గ్రహించారు. పక్షులు రెక్కల కొసలను తిప్పడం గమనించి, తాళ్లతో రెక్కలను మెలితిప్పి యంత్రాన్ని ఏ పక్కకైనా వాల్చే పద్ధతిని కనిపెట్టారు.

అయితే 1901లో కట్టిన గ్లైడర్ వాళ్లను బాగా నిరాశపరచింది. లెక్క ప్రకారం రెక్కలు ఎత్తవలసినంత బరువును ఎత్తలేదు. ఆ లెక్కలో గాలి వేగం వర్గాన్ని, రెక్క వైశాల్యాన్ని, రెక్క ఎత్తే బలం గురించి లిలియంతాల్ తయారుచేసిన పట్టికలోని విలువను ఒక స్థిరాంకంతో గుణించాలి. ఆ స్థిరాంకానికి 18వ శతాబ్దపు బ్రిటిష్ ఇంజనీరు జాన్ స్మీటన్ పేరుంది. దాని విలువ 0.005 అని వందేళ్లకు పైగా చాలామంది నమ్ముతూ వచ్చారు. మరి తప్పు ఎక్కడుంది? చనిపోయిన మనిషి పట్టికలోనా, పెద్దల నుంచి అందిన స్థిరాంకంలోనా?

అది తేల్చుకోవడానికి వాళ్లు ఆరడుగుల పొడవున్న చెక్కపెట్టె చేసి, ఒక చివర ఫ్యాన్ బిగించారు. రంపపు బ్లేడు ముక్కలతో, సైకిల్ చువ్వలతో తూనికలు తయారుచేసుకున్నారు. పల్చటి రేకుతో చిన్న చిన్న రెక్కలు కత్తిరించి, సుమారు 200 ఆకారాలను ఆ గాలిలో పరీక్షించారు. ఆ తూనిక నిర్మాణంలో ఉన్న తెలివి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అది రెక్క మీద కలిగే ఎత్తే బలాన్ని, అదే గాలిలో చదునైన పలకల మీద పడే ఒత్తిడితో నేరుగా పోల్చి చూపుతుంది. అందువల్ల గాలి వేగాన్ని విడిగా కచ్చితంగా కొలవనక్కర్లేదు, స్మీటన్ సంఖ్య అసలు లెక్కలోకే రాదు.

ఫలితాలు వచ్చాక లిలియంతాల్ పట్టిక చాలామటుకు సరైనదేనని తేలింది. స్మీటన్ సంఖ్య మాత్రం దాదాపు 0.0033 ఉండాలి. ఈనాటి విలువ కూడా దానికి చాలా దగ్గరే. రెక్క పొడవుగా, సన్నగా ఉంటే మేలని కూడా ఆ పెట్టే చెప్పింది. 1901 గ్లైడర్ రెక్క పొడవు 22 అడుగులు, వెడల్పు 7 అడుగులు. 1902లో కట్టినదానికి అవి 32, 5 అడుగులయ్యాయి. అది చక్కగా తేలింది. వెనుక కదిలే చుక్కాని చేర్చాక మూడు దిశల్లోనూ అదుపు కుదిరింది.

ఆ తర్వాతే ఇంజను. వాళ్ల మెకానిక్ చార్లీ టేలర్ తయారుచేసిన ఇంజను శక్తి సుమారు 12 హార్స్‌పవర్ మాత్రమే. అదే సమయంలో అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ, ప్రభుత్వం ఇచ్చిన 50,000 డాలర్లతో, 52 హార్స్‌పవర్ ఇంజనుతో కట్టిన యంత్రం 1903 డిసెంబరు 8న పొటోమాక్ నదిలో కూలింది. తొమ్మిది రోజుల తర్వాత అంతకన్నా ఎంతో బలహీనమైన ఇంజనుతో రైట్ సోదరులు ఎగిరారు. ప్రొపెల్లర్‌ను తిరిగే రెక్కగా భావించి, పెట్టెలో దొరికిన కొలతలతోనే వాళ్లు దాన్ని చెక్కారు. అందుకే ఆ కొద్దిపాటి శక్తి కూడా వృథా కాలేదు.

తర్వాతి కాలంలో పేటెంటు దావాలు వాళ్ల సమయాన్ని మింగేశాయి, సాటి ఆవిష్కర్తలతో వైరం పెంచాయి. అది బాధ కలిగించే అధ్యాయం. రెక్కలను మెలితిప్పే పద్ధతి కూడా త్వరలోనే పోయి, దాని స్థానంలో రెక్కల వెనుక అంచున కదిలే పలకలైన ఎయిలరాన్‌లు వచ్చాయి. మూడు దిశల అదుపు అనే సూత్రం మాత్రం నేటి ప్రతి ప్రయాణికుల విమానంలోనూ ఉంది.

నమూనాను ఆ చెక్కపెట్టె లాంటి గాలి సొరంగంలో తూచి చూసే పద్ధతి ఇంకా విస్తరించింది. మన శ్రీహరికోట కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీశ్ ధవన్ యువకుడిగా కాలిఫోర్నియాలో చేసిన పరిశోధన, సొరంగంలో ఉపరితలం మీద గాలి రాపిడిని నేరుగా కొలవడం గురించే. స్వదేశానికి వచ్చి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ధ్వని కన్నా వేగంగా గాలి వీచే సొరంగాలను ఆయన నిర్మించారు. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ల నమూనాలను ఇప్పటికీ ముందుగా ఇలాంటి సొరంగాల్లో గాలికి నిలిపి పరీక్షిస్తున్నారు.