చిన్న రైఫిలు మొరాయించునప్పుడు

తనంతట తానే తూటాను మార్చుకొను .22 రైఫిలు నడుమ ఆగిపోయినచో, చూచువారు "తుపాకి చెడిపోయినది" అని యొక్క మాటతో తేల్చివేయుదురు. ఈ తీర్పు చాలవరకు తొందరపాటు. దోషము తరచుగా తూటాయందో, మసియందో, తూటాలు నింపు మ్యాగజీనునందో యుండును; ఉక్కు భాగములు విరుగుట అరుదు. క్రమము నెరిగి వెదకువానికి కారణము దొరకును. క్రమము నెరుగక తొందరపడువానికి అపాయము కలుగును. కావున ఆ క్రమ మిచట వివరింపబడుచున్నది.

ముందుగా తూటాను గూర్చి తెలిసికొనవలెను. దీనికి .22 లాంగ్ రైఫిల్ అని పేరు. 1887వ సంవత్సరమున అమెరికాదేశమునందలి స్టీవెన్సు కంపెనీవారు దీనిని నిర్మించిరి. గుండు తూనిక సాధారణముగ 40 గ్రెయినులు, అనగా సుమారు 2.6 గ్రాములు. పెద్ద తూటాలయందు నిప్పు పుట్టించు మందు అడుగున నడిమి భాగమున చిన్న టోపీలో నుండును. దీనియం దట్లు గాక, ఇత్తడి గుల్ల యడుగున మడిచిన అంచు బోలుగా నుండి, ఆ బోలులో మందు నిండియుండును. రైఫిలు సూది ఆ యంచును గట్టిగ నొక్కినప్పుడు మందు అంటుకొనును.

ఇక యంత్రము పనిచేయు విధము. 1964వ సంవత్సరమున వెలువడి అమెరికాయందు మిక్కిలి వ్యాపించిన రూగర్ 10/22 రైఫిలును ఉదాహరణముగ గ్రహింతము. దాని మ్యాగజీనునందు 10 తూటాలు పట్టును. గొట్టము వెనుక బరువైన బోల్టు ఒకటి కలదు. దానిని ఏ గడియయు బిగించి పట్టదు. దాని బరువును, వెనుకనున్న స్ప్రింగును మాత్రమే దానిని నిలుపును. తూటా పేలగనే పుట్టిన వాయువు గుండును ముందునకును, గుల్లను వెనుకకును నెట్టును. చర్యకు సమానమైన ప్రతిచర్య కలదని న్యూటను చెప్పిన సూత్రమే యిచట ప్రత్యక్షము. గుల్ల బోల్టును వెనుకకు త్రోయును. కొక్కెము గుల్లను పట్టుకొనియుండగా, అది యొక మొనకు తగిలి వెలుపలికి ఎగిరిపోవును. పిదప స్ప్రింగు బోల్టును ముందునకు తెచ్చుచు మ్యాగజీనునుండి క్రొత్త తూటాను గొట్టములోనికి దోయును. ఇదంతయు రెప్పపాటులో జరుగును.

1948వ సంవత్సరమున ఏర్పడిన నేషనల్ కాడెట్ కోరునందు మన బాలురు అభ్యసించు .22 రైఫిలు బోల్టును చేతితో త్రిప్పుదురు. తూటా మెత్తనిదైనను చేయి దానిని బయటికి లాగును. స్వయముగ నడచు రైఫిలునకట్టి చేయి లేదు. దానికి తూటాయే బలము. ఈ సంగతిని మరువనిచో సగము చిక్కులు విడిపోవును.

కావున మొదట పరీక్షింపవలసినది తూటా. సాధారణ వేగము గల తూటా గుండు సెకనుకు సుమారు 1,070 అడుగులు పోవును. అధిక వేగము గలది 1,200 అడుగులకు పైగా పోవును. మెత్తని తూటా బోల్టును పూర్తిగ వెనుకకు త్రోయలేనప్పుడు, ఖాళీగుల్ల వెలుపలికి పోక, ముందునకు వచ్చు బోల్టు నడుమ పొగగొట్టమువలె నిలువుగ చిక్కుకొనును. వేరొక రకపు తూటాలు వాడి చూచిన సంగతి తేలును.

రెండవది మసి. ఈ గుండుపై మైనము వంటి జిడ్డు పూత కలదు. అది మసితో కలిసి బోల్టు దారిని, తూటా కూర్చుండు గదిని పట్టివేయును. ఈ బాధ క్రొత్తది కాదు. 1903వ సంవత్సరమున వించెస్టరు కంపెనీవారు తమ స్వయంచాలక .22 రైఫిలును వెలువరించినప్పుడు, నల్లమందు మసి యంత్రము నాపివేయునని యెరిగి, పొగలేని మందుతో దానికి ప్రత్యేకమైన తూటానే చేయించిరి. గుల్ల బయటికి రాక గదిలోనే నిలిచిపోయినచో, గదిని కంచు కుంచెతో శుభ్రపరచి, కొక్కెము క్రింది మసిని తీయవలెను. పిమ్మట పలుచని నూనె కొంచెముగ రాయవలెను. నూనె యెక్కువైన మసిని పోగుచేయును. చిక్కని నూనె చలిలో గట్టిపడి బోల్టు నడక నాపును.

మూడవది మ్యాగజీను. క్రొత్త తూటా గదిలోనికి పోక ముక్కు పైకెత్తి గొట్టపు మొదటికి గ్రుద్దుకొనినచో, మ్యాగజీను సరిగా అమరినదో లేదో చూడవలెను. దాని పెదవులు వంగినను, స్ప్రింగు సడలినను, లోపల మురికి చేరినను ఇట్లే జరుగును. ఒక తూటా అంచు మరియొక దాని యంచునకు వెనుకగా పడి రెండును పెనవేసికొనుటయు కొన్ని మ్యాగజీనులయందు కలదు. వేరొక మ్యాగజీను పెట్టగనే రైఫిలు చక్కగ నడచినచో, దోషము రైఫిలుది కాదు.

నాలుగవది, సూది కొట్టినను తూటా పేలకపోవుట. అప్పుడు తూటా అంచుపై పడిన గుంటను చూడవలెను. గుంట లోతుగ నున్నచో, ఆ చోట మందు సరిగా చేరలేదని యూహింపవచ్చును. అది తూటా దోషము. గుంట పలుచగ నున్నచో, సూది దారిలో మురికియో, స్ప్రింగు బలహీనతయో, బోల్టు పూర్తిగ మూయబడకుండుటయో కారణము.

ఒక్కసారి ఒక్కదానినే మార్చవలెను. తూటాను, మ్యాగజీనును, నూనెను ఒకేసారి మార్చినవానికి రైఫిలు బాగుపడినను కారణము తెలియదు. రోగమొకటి, మందొకటి యగును. ఇవన్నియు చూచిన పిదపను దోషము పోనిచో తుపాకులు బాగుచేయు పనివానికి చూపవలెనే గాని, ట్రిగ్గరు భాగముల నాకురాయితో రాయరాదు.

ఇక ప్రాణముతో ముడిపడిన మాట. ట్రిగ్గరు నొక్కినను పేలని తూటా కొంత ఆలస్యముగ పేలవచ్చును. కావున గొట్టమును గురివైపే యుంచి 30 సెకనులు వేచియుండవలెను. తరువాత ముందుగా మ్యాగజీనును తీసి, పిమ్మట బోల్టును వెనుకకు లాగి, గదిలోనికి కంటితో చూడవలెను. మ్యాగజీను తీసినంతమాత్రమున రైఫిలు ఖాళీ కాదు. గదిలో నొక తూటా మిగిలియుండవచ్చును. ఈ వరుసను తారుమారు చేసి, బోల్టును ముందు లాగినచో, మరియొక తూటా గదిలోనికి పోవును.

అన్నిటికంటె కపటమైనది వేరొకటి కలదు. ఒక్కొక్కప్పుడు తూటా మెల్లని శబ్దముతో పేలి, బోల్టు కదలకుండును. చూచుటకిది సామాన్యమైన ఆటంకమే. కాని గుండు బయటికి పోక గొట్టములోనే నిలిచియుండవచ్చును. బోల్టును చేతితో లాగి మరల కాల్చినచో రెండవ గుండు మొదటిదానికి తగిలి గొట్టము పగులును. అట్టి శబ్దము విన్నంతనే కాల్పు నాపి, రైఫిలును ఖాళీచేసి, గొట్టము తెరపిగ నున్నదని నిశ్చయించుకొనువరకు మరియొక తూటాను పెట్టరాదు. గొట్టపు ముఖమునుండి తొంగిచూడరాదు.

మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే తుపాకి నుంచుకొనరాదు. బాలురు శిక్షకుని యెదుటనే దీనిని చేపట్టవలెను. రైఫిలు ఆగినప్పుడు ముందుగా ఆగవలసినది మన చేయి. పిమ్మట వెదకవలసినది కారణము. నిదానమే ప్రధానమను సామెత యిచట నీతి మాత్రమే గాదు, ప్రాణరక్షణము.