అన్యాయార్జిత ధనము – ఫలవిచారము

ధర్మశాస్త్రములయందు అర్థశౌచమునకు ప్రథమస్థానము గలదు. మట్టిచేతను, నీటిచేతను కలుగు శుద్ధికంటె ధనార్జనమునందలి శుద్ధియే శ్రేష్ఠమని మనుస్మృతి (5–106) చెప్పుచున్నది. అట్లయినచో అశుద్ధమైన ధనము లోకమున వృద్ధి పొందుట ఏల కానవచ్చుచున్నది? ఈ శంకకు మనువు 4వ అధ్యాయమున (170–174) సమాధానమొసగెను.

అధర్మపరుడు మొదట వృద్ధి పొందును. పిదప శుభములను చూచును. అటుపై శత్రువులను జయించును. తుదకు సమూలముగా నశించును. ఇచ్చట అధర్మపరుని అభ్యుదయము కాదనబడలేదు. పతనమునకు పూర్వదశగా చెప్పబడినది. ఫలవిలంబమునకు 'గోవు' దృష్టాంతము. ఆ పదమునకు భూమి యని అర్థము చెప్పినచో, విత్తినంతనే పంట నీయని నేలవలె అని సాధర్మ్యము. ఆవు అని చెప్పినచో, పిదికినంతనే పాలిచ్చు ఆవువలె గాక అని వైధర్మ్యము. ఉభయత్ర భావమొక్కటియే.

చాణక్యనీతి ఈ విలంబమునకు 10 సంవత్సరముల గడువు పెట్టి, 11వ ఏట ఆ ధనము సమూలముగా నశించుననెను. మనువు గడువు పెట్టలేదు. కర్తయందు ఫలింపనిచో పుత్రులయందు, అటుగాకున్న పౌత్రులయందు ఫలించుననెను. అట్లయినచో తండ్రి అధర్మమునకు కుమారుడు దోషియగునా?

కల్యాణ చాళుక్య ప్రభువగు 6వ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర దాయవిభాగమున ఈ విషయమును స్పృశించెను. స్వత్వము శాస్త్రమాత్రగమ్యమైనచో, నిందితమైన ప్రతిగ్రహ వాణిజ్యాదులచే వచ్చిన ధనము తండ్రికి స్వమే కాదు. కావున పుత్రులకు విభాజ్యము కాదు. స్వత్వము లౌకికమని ఆయన సిద్ధాంతము. తన్మతమున ఆ ధనము విభాజ్యమే, ప్రాయశ్చిత్తము ఆర్జించినవానికే. పుత్రులకది దాయముగా, అనగా ధర్మ్యమైన మార్గమున, వచ్చినది గావున దోషసంబంధము లేదు. ఈ స్మృతివ్యాఖ్యానమే 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'నకు ఆధారమైనది.

ఈ రెంటికిని విరోధము పైకి తోచునదే. మనువు చెప్పినది కుటుంబము అనుభవించు ఫలము. విజ్ఞానేశ్వరుడు చెప్పినది వ్యవహారమున దోషస్వత్వముల నిర్ణయము. మొదటిది దైవాధీనము, రెండవది ధర్మాధికారి విచారింపదగినది. పితృదోషమును పుత్రునిపై మోపుటకు మనువాక్యము ధర్మాధికారికి అవకాశమీయదు.

అయితే చోరధనము విషయమున ఇట్టి సడలింపు లేదు. యాజనాధ్యాపనములచేనైనను చోరుని చేతినుండి ధనము గోరు విప్రుడు చోరతుల్యుడే (8–340). అపహృతమైన సొత్తును రాజు సర్వవర్ణములవారికిని ఇప్పింపవలెను. తానే అనుభవించినచో చోరుని పాపము పొందును (8–40). మహాపాతకుల దండధనమును సైతము లోభముచే గైకొనరాదు. వరుణునికై నీట విడువవలెను, లేదా శ్రుతవృత్తసంపన్నుడగు బ్రాహ్మణునకీయవలెను (9–243, 244). రాజులకును దండధరుడు వరుణుడే యనుట ఇందలి హేతువు.

నిందితకర్మచే ధనమార్జించిన విప్రునకు మనువు 11వ అధ్యాయమున శుద్ధిమార్గము చూపెను. ఆ ధనమును విడుచుట, జపము, తపస్సు అని క్రమము. ధనత్యాగము ముందు చెప్పబడుటచే, ధనమును అట్టిపెట్టుకొని చేయు జపతపస్సులు మనువునకు సమ్మతములు కావని తెలియుచున్నది.